తల్లిపాలు తాగే పసికందుకు పైనుంచి ఇంకేమైనా ఇవ్వాలా?

కాన్పయిన మూడో రాత్రి. బిడ్డ గంటకోసారి లేచి ఏడుస్తుంది, రొమ్ము పట్టుకుని నాలుగు గుక్కలు తాగి నిద్రలోకి జారుతుంది, పక్కలో పడుకోబెట్టగానే మళ్లీ ఏడుపు అందుకుంటుంది. దగ్గరున్నవారిలో ఎవరో ఒకరు "పాలు చాలడం లేదేమో" అంటారు. ఆ ఒక్క మాటకే బాలింత కళ్లు చెమ్మగిల్లుతాయి. అదే గదిలో బల్ల మీద వైద్యులు రాసిచ్చిన విటమిన్ డి చుక్కల సీసా ఉంటుంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప గుక్కెడు మంచినీళ్లు కూడా పట్టవద్దని చెప్పిన వైద్యులే ఈ చుక్కలూ రాశారు. తల్లిపాలతో సర్వం సమకూరుతుందన్నప్పుడు ఈ సీసా ఎందుకు? సీసా అవసరమే అయితే పాలలో ఏదో లోటు ఉన్నట్టే కదా? చాలామంది తల్లిదండ్రులు బయటికి అడగకపోయినా మనసులో మథనపడే ప్రశ్న ఇది.

ఈ చిక్కు రెండు చోట్ల పడింది. మొదటిది, "పైనుంచి ఇవ్వడం" అనే ఒకే మాటతో మనం రెండు వేరువేరు పనులను చెబుతున్నాం. పోతపాలు, నీళ్లు, గ్లూకోజు నీళ్లు వంటివి పట్టడం ఒకటి. ఒకటి రెండు చుక్కల విటమినో, ఖనిజమో ఇవ్వడం మరొకటి. మొదటిది బిడ్డ కడుపులో చోటు ఆక్రమిస్తుంది, ఆకలిని చంపుతుంది. ఆకలి తగ్గిన బిడ్డ రొమ్మును తక్కువసార్లు పడుతుంది. ఖాళీ అయిన రొమ్ములోనే పాలు వేగంగా ఊరుతాయి కాబట్టి, పీల్చడం తగ్గినకొద్దీ పాలూ తగ్గుతాయి. అంటే పాలు చాలవన్న భయంతో మొదలుపెట్టిన సీసా, కొద్ది రోజుల్లో ఆ భయాన్ని నిజం చేసి చూపిస్తుంది. రెండో రకానికి ఈ గుణం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ "పూర్తిగా తల్లిపాలే" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే విటమిన్లు, ఖనిజాలు, మందులకు సంబంధించిన చుక్కలకూ సిరప్‌లకూ, అవసరమైతే ఓఆర్‌ఎస్ ద్రావణానికీ మినహాయింపు ఉంది. కాబట్టి చుక్కలు వేసినంత మాత్రాన తల్లిపాల నియమం తప్పినట్టు కాదు.

చిక్కు పడిన రెండో చోటు ఇంకా లోతైనది. బిడ్డకు కావలసినదంతా పాల నుంచే రావాలని మనం అనుకుంటాం. నిజానికి పసికందుకు మొదటి నుంచీ పాలు ఒక్కటే ఆధారం కాదు. కొన్ని పోషకాలు పాలలో వస్తాయి, కొన్నిటిని గర్భంలోనే దాచుకుని పుడుతుంది, ఒకటి ఎండ తగిలిన చర్మంలో తయారవుతుంది, మరొకటి కొంతవరకు పేగులోని సూక్ష్మజీవుల వల్ల సమకూరుతుంది. కాబట్టి చుక్కల సీసాను పాల మీద తీర్పుగా చూడకూడదు. మిగిలిన దారుల్లో ఏదో ఒకటి ఇప్పుడు మూసుకుపోయి ఉన్నందుకే అది బల్ల మీదికి వచ్చింది. ఏ పోషకం గురించి సందేహం వచ్చినా, ఇది బిడ్డకు ఏ దారిన రావాలి, ఆ దారి తెరిచి ఉందా అని అడిగితే జవాబు చాలావరకు దొరుకుతుంది.

ముందు ఆ మూడో రాత్రి సంగతి చూద్దాం. మొదటి రోజుల్లో వచ్చే ముర్రుపాలు చాలా కొంచెం. తొలి ఇరవై నాలుగు గంటల్లో బిడ్డ ఒక్కో విడతకు తాగేది సుమారు 2 నుంచి 10 మిల్లీలీటర్లు, అంటే ఒకటి రెండు చెంచాలకు మించదు. నాలుగో రోజుకు అది 30 నుంచి 60 మిల్లీలీటర్లకు చేరుతుంది. సాధారణంగా రెండో రోజుకూ అయిదో రోజుకూ మధ్య రొమ్ములు బరువెక్కి పాలు పడతాయి. ఈలోగా బిడ్డ పుట్టినప్పటి బరువులో కొంత తగ్గడం సహజం. తగ్గుదల 7 శాతం దాటితే పాలు పట్టే తీరును జాగ్రత్తగా గమనించాలి, 10 శాతానికి చేరితే వైద్యులు తప్పక చూడాలి. పది నుంచి పద్నాలుగు రోజుల్లో బిడ్డ తిరిగి పుట్టిన బరువుకు రావాలి, ఆ తరువాత మొదటి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాముల దాకా పెరగాలి.

తూకం యంత్రం లేకపోయినా కనిపించే గుర్తులు ఉన్నాయి. బిడ్డ రొమ్ము పట్టినప్పుడు గడ్డాన్ని చూడండి. మొదట గబగబా చిన్న చిన్న చప్పరింపులు ఉంటాయి, పాలు దిగగానే గడ్డం బాగా కిందికి వెళ్లి, ఒక్క క్షణం అక్కడే ఆగి, ఆ తరువాత పైకి వస్తుంది. ఆ ఆగిన క్షణంలోనే నోరు నిండుతుంది, వెంటనే గుటక వేసిన సన్నని చప్పుడు వినిపిస్తుంది. అలాంటి గుటకలు వరుసగా పడుతుంటే బిడ్డ తాగుతున్నట్టు; గడ్డం ఎక్కడా ఆగకుండా చప్పరిస్తూనే ఉంటే రొమ్ము పట్టు సరిచేయాలి. అయిదారు రోజులు వచ్చేసరికి రోజుకు ఆరు లేదా అంతకంటే ఎక్కువసార్లు మూత్రం పోయాలి, మొదటి రోజుల నల్లని జిగురు విరేచనం పోయి పసుపు రంగు విరేచనం రావాలి. ఏడుపు మాత్రం పాలు చాలడం లేదనడానికి నమ్మదగిన గుర్తు కాదు. కడుపు నిండిన పిల్లలూ ఏడుస్తారు. నిజంగా పాలు అందని బిడ్డ ఏడవడానికి ఓపిక లేక అదేపనిగా నిద్రపోతుంది, దాన్ని చూసి బుద్ధిగా పడుకుందని పొరబడతాం. భయపడవలసింది ఆ నిశ్శబ్దానికే.

పైపాలు నిజంగా అవసరమయ్యే సందర్భాలు ఉన్నాయి, వాటిని దాచిపెట్టడం తల్లికి చేసే మేలు కాదు. రక్తంలో చక్కెర పడిపోయి పాలు పట్టినా నిలదొక్కుకోకపోవడం, బరువు మరీ తగ్గడం, ఒంట్లో నీరు తగ్గి కామెర్లు ముదరడం వంటివి వైద్యపరమైన కారణాలు. అప్పుడు కూడా మొదట ఎంచుకోవలసింది తల్లి నుంచి పిండి తీసిన పాలనే. అవి చాలకపోతే పరీక్షించి శుద్ధిచేసిన దాతల పాలు, అవీ దొరక్కపోతే ఫార్ములా పాలు. ఎంత ఇవ్వాలో, ఎన్ని రోజులివ్వాలో నిర్ణయించుకుని ఇవ్వడం, ఆ రోజుల్లోనూ రొమ్మును తరచుగా ఖాళీ చేస్తూ ఉండడం ముఖ్యం. అలా ఇచ్చినది కొద్ది రోజుల ఆసరాగా ఉండి తొలగిపోతుంది. ఆ రెండు రోజుల ఆసరా తీసుకున్నందుకు ఏ తల్లీ తనను తాను తక్కువ చేసుకోనక్కరలేదు.

ఇక చుక్కల దగ్గరికి వద్దాం. వీటిలో అందరికీ వర్తించేది విటమిన్ డి. ఇది పేరుకే విటమిన్, దీని అసలు పుట్టిల్లు చర్మం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు చర్మంలో తయారై, కాలేయంలోనూ మూత్రపిండాల్లోనూ మార్పు చెంది, పేగు నుంచి కాల్షియం రక్తంలోకి చేరడానికి తోడ్పడుతుంది. తల్లిపాలలో ఇది మామూలుగా లీటరుకు 80 యూనిట్ల లోపే ఉంటుంది. బిడ్డ రోజంతా తాగేది ముప్పావు లీటరు అనుకుంటే, అందులో వచ్చేది రోజుకు కావలసిన 400 యూనిట్లలో, అంటే 10 మైక్రోగ్రాముల్లో, చాలా చిన్న భాగం. ఎండలో తిరిగే జీవికి ఇది లోటు కాదు. కానీ ఆరు నెలల లోపు పసిచర్మం సులభంగా కమిలిపోతుంది కనుక నేరుగా ఎండలో ఉంచవద్దనే వైద్యులు చెబుతారు. తగిలే ఎండ ఎంత పని చేస్తుందో కూడా రుతువును బట్టి, అక్షాంశాన్ని బట్టి, చర్మపు రంగును బట్టి, గాలిలోని పొగను బట్టి మారిపోతుంది. కిటికీ అద్దం వెనుక నుంచి పడే ఎండలో విటమిన్ డి తయారుచేసే కిరణాలు దాదాపు ఉండవు. దారి మూసుకుపోయిందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

పుట్టేనాటికి తల్లి నుంచి వచ్చిన నిల్వ కొన్ని వారాల్లో తరిగిపోతుంది; తల్లికే లోటు ఉంటే మొదటి నుంచీ ఆ నిల్వ ఉండదు. లోటు ముదిరితే ఎముకలు మెత్తబడి రికెట్స్ వస్తుంది. మణికట్లు లావెక్కుతాయి, నడక వచ్చాక కాళ్లు వంకర పోతాయి. మరీ చిన్న పిల్లల్లో రక్తంలోని కాల్షియం పడిపోయి ఫిట్స్ రావడమే మొదటి లక్షణం కావచ్చు. అందుకే అమెరికా శిశువైద్యుల అకాడమీ 2003లో రోజుకు 200 యూనిట్లుగా ఉన్న సిఫారసును 2008లో 400 యూనిట్లకు పెంచి, పుట్టిన తొలి రోజుల నుంచే మొదలుపెట్టమంది. బ్రిటన్ ఆరోగ్య సేవ కూడా తల్లిపాలు తాగే పిల్లలకు పుట్టుక నుంచే రోజుకు 8.5 నుంచి 10 మైక్రోగ్రాములు ఇవ్వమంటుంది. ఫార్ములా డబ్బాల్లో విటమిన్ డి ముందే కలిపి ఉంటుంది కాబట్టి, రోజుకు లీటరు దాకా ఫార్ములా తాగే బిడ్డకు ఈ చుక్కలు అక్కరలేదు. తల్లిపాలు తాగే బిడ్డకే చుక్కలు రాయడానికి కారణం అంతే, ఫార్ములా గొప్పదని కాదు.

మరి తల్లే విటమిన్ డి వేసుకుంటే పాల ద్వారా బిడ్డకు అందదా? అందుతుంది, కానీ మామూలు మోతాదుకు కాదు. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో తల్లులు రోజుకు 6400 యూనిట్లు తీసుకున్నప్పుడు, వారి పాలు తాగిన పిల్లల రక్తంలో విటమిన్ డి, నేరుగా 400 యూనిట్ల చుక్కలు వేసిన పిల్లలతో సమానంగా ఉంది. పాలకు స్వతహాగా విటమిన్ డిని మోసే శక్తి లేకపోలేదని, తల్లి ఒంట్లో ఉంటేనే అది పాలలోకి వస్తుందని దీనివల్ల తేలింది. అయితే అంత మోతాదును వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఎవరికి వారు మొదలుపెట్టకూడదు. చుక్క మరిచిపోకుండా వేయగలిగే ఇంట్లో బిడ్డకు నేరుగా ఇవ్వడమే తేలిక.

విటమిన్ కె కథ వేరు. గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టడానికి అవసరమైన కొన్ని ప్రోటీన్లు తయారుకావాలంటే ఇది ఉండాలి. మాయను దాటి బిడ్డకు చేరేది చాలా తక్కువ, తల్లిపాలలో ఉండేదీ లీటరుకు కొద్ది మైక్రోగ్రాములే, పేగులో దీన్ని తయారుచేసే సూక్ష్మజీవులు అప్పుడప్పుడే స్థిరపడుతుంటాయి. మూడు దారులూ సన్నగా ఉన్న ఈ కాలంలో కొందరు పిల్లలకు హఠాత్తుగా రక్తస్రావం అవుతుంది. మొదటి వారంలో వచ్చేది బొడ్డు నుంచో, ముక్కు నుంచో కనిపిస్తుంది. రెండో వారం నుంచి ఆరు నెలల దాకా ఎప్పుడైనా రాగలిగే ఆలస్యపు రక్తస్రావం మరీ ప్రమాదకరం, ఎందుకంటే అది వచ్చిన పిల్లల్లో సుమారు సగం మందికి మెదడులోనే అవుతుంది, తరచుగా ముందస్తు సూచనేదీ ఉండదు. దీన్ని ఆపడానికి పుట్టిన కొద్ది గంటల్లో తొడ కండరంలో ఒక్క ఇంజెక్షన్ చాలు. మామూలు మోతాదు ఒక మిల్లీగ్రాము. అమెరికా అకాడమీ దీన్ని 1961 నుంచీ సిఫారసు చేస్తోంది. 1990ల మొదట్లో ఒక అధ్యయనం ఈ ఇంజెక్షన్‌కూ బాల్య క్యాన్సర్‌కూ సంబంధం ఉందేమోనని అనుమానించింది, తరువాత జరిగిన పెద్ద అధ్యయనాల్లో ఆ సంబంధం నిలబడలేదు. అయినా ఆ భయం ఇంకా చేతులు మారుతూ తిరుగుతూనే ఉంది. కొన్ని దేశాల్లో నోటిద్వారా ఇచ్చే పద్ధతి ఉన్నప్పటికీ, దాన్ని విడతలు విడతలుగా తప్పకుండా ఇవ్వాలి, ఒక విడత మరిచినా రక్షణ సన్నగిల్లుతుంది. నా మట్టుకు, ఈ వ్యాసంలో చెప్పినవాటన్నిటిలో ఎట్టి పరిస్థితిలోనూ వదులుకోకూడనిది ఏదని ఎవరైనా అడిగితే ఈ ఇంజెక్షన్‌నే చూపిస్తాను.

ఇనుము విషయంలో నిపుణుల మధ్యే ఏకాభిప్రాయం లేదు, కాబట్టి కాస్త నిదానంగా చూడాలి. తల్లిపాలలో ఇనుము లీటరుకు 0.35 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది. తల్లి ఇనుము మాత్రలు వేసుకున్నా ఆ అంకె దాదాపు మారదు. అయినా నెలలు నిండి, మంచి బరువుతో పుట్టిన బిడ్డ మొదటి నాలుగు నుంచి ఆరు నెలలు హాయిగా గడపగలుగుతుంది. గర్భంలో, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, తన బరువులో ప్రతి కిలోకూ సుమారు 75 మిల్లీగ్రాముల ఇనుమును దాచుకుని పుట్టడమే దానికి కారణం. అందులో ఎక్కువ భాగం రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఉంటుంది. పుట్టాక ఊపిరితిత్తులు పనిలోకి దిగి ఆక్సిజన్ సమృద్ధిగా అందుతుంది కనుక అంత హిమోగ్లోబిన్ అక్కరలేదు; మొదటి రెండు మూడు నెలల్లో అది సహజంగా తగ్గుతుంది, దాని నుంచి విడుదలైన ఇనుము వృథా కాకుండా నిల్వకు చేరి, పెరుగుదలకు ఖర్చవుతుంది. రెండో నెల పరీక్షలో హిమోగ్లోబిన్ తగ్గిందని కంగారుపడే తల్లిదండ్రులకు ఈ సంగతి తెలిస్తే చాలా ఊరటగా ఉంటుంది.

ఈ నిల్వను పెంచడానికి అన్నిటికంటే చవకైన ఉపాయం కాన్పు గదిలోనే ఉంది. బిడ్డ బయటికి రాగానే బొడ్డుతాడును బిగించకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే, మాయలోని రక్తం మరికొంత బిడ్డలోకి చేరుతుంది. కనీసం ఒక నిమిషం ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నెలల తరబడి పనికొచ్చే ఇనుము ఆ నిమిషాల్లో అందుతుంది.

ఆ తరువాత ఏమిటి? ఆరు నెలల లోపు బిడ్డకు రోజుకు చాలుతుందని లెక్కగట్టిన ఇనుము 0.27 మిల్లీగ్రాములు, పాలలో వచ్చేది సరిగ్గా అంతే. ఏడో నెల నుంచి కావలసింది 11 మిల్లీగ్రాములు. నిల్వ అడుగంటే సమయమూ, అవసరం ఒక్కసారిగా పెరిగే సమయమూ కలిసి వస్తాయి. అందుకే అమెరికా అకాడమీ 2010లో, పూర్తిగా తల్లిపాలే తాగే పిల్లలకు నాలుగో నెల నుంచి బరువులో కిలోకు రోజుకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఇనుము ఇచ్చి, ఇనుము గల ఘనాహారం మొదలయ్యాక ఆపమంది. ఐరోపాలోని శిశు పోషణ నిపుణులు మాత్రం మామూలు బరువుతో పుట్టి ఆరోగ్యంగా ఉన్న పిల్లలందరికీ ఇది అవసరం లేదన్నారు. రెండు వైపులా న్యాయముంది. లోటు ఏర్పడితే మెదడు ఎదుగుదలకు కలిగే నష్టం పూర్తిగా పూడకపోవచ్చు. మరోవైపు, ఇనుము తగినంత ఉన్న పిల్లలకు అదనంగా ఇచ్చినప్పుడు పొడవు పెరగడం కొంత తగ్గినట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. నాకు సబబుగా తోచేది పుట్టుక పరిస్థితులను చూసి నిర్ణయించడం. తల్లికి తీవ్రమైన రక్తహీనత ఉన్నా, మధుమేహం ఉన్నా, కవలలైనా, బరువు తక్కువగా పుట్టినా నిల్వ తక్కువని అనుకుని ముందే వైద్యులను అడగాలి. అప్పుడే పుట్టిన, నెలలు నిండిన బిడ్డకు తొలి వారాల్లో ఇనుము చుక్కలతో పనిలేదు.

మిగిలిన పోషకాల్లో చాలావాటికి తాళంచెవి తల్లి దగ్గరే ఉంటుంది. ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. కాల్షియం, జింక్, ఫోలేట్ వంటివి తల్లి తినే తిండి కొంత తగ్గినా పాలలో పెద్దగా తగ్గవు. తల్లి ఎముకల నుంచి తీసి అయినా సరే శరీరం పాలలోకి కాల్షియం పంపుతుంది. వీటిని తల్లి తన ఆరోగ్యం కోసం తీసుకోవాలి. బి1, బి2, బి6, బి12, విటమిన్ ఎ, అయోడిన్ వంటివి అలా కాదు, తల్లి ఒంట్లో తగ్గితే పాలలోనూ తగ్గుతాయి. అయోడిన్ పాలిచ్చే తల్లికి రోజుకు 250 మైక్రోగ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

వీటిలో బి12 మీద నాకు ప్రత్యేకంగా ఆందోళన. ఇది సహజంగా జంతు సంబంధ ఆహారంలోనే దొరుకుతుంది. మాంసం, గుడ్లు, పాలు ఏవీ ముట్టని తల్లి, పేగుకో జీర్ణకోశానికో శస్త్రచికిత్స జరిగిన తల్లి, బి12ను ఒంటబట్టించుకోలేని జబ్బు ఉన్న తల్లి ఏ లక్షణమూ లేకుండా మామూలుగా తిరుగుతూ ఉండవచ్చు. ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటుంటే రక్తహీనత కూడా బయటపడకపోవచ్చు. పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటుంది. కొన్ని నెలలు గడిచాక నవ్వడం మానేస్తుంది, మెడ నిలిపిన బిడ్డ మెడ వాల్చేస్తుంది, ఒళ్లు మెత్తబడుతుంది, చుట్టూ జరిగేవాటి మీద ఆసక్తి పోతుంది, కొందరికి వణుకు వస్తుంది. త్వరగా కనిపెట్టి చికిత్స చేస్తే పిల్లలు కొద్ది రోజుల్లోనే తేరుకోవడం మొదలుపెడతారు. ఆలస్యమైతే మందబుద్ధి మిగిలిపోవచ్చు. ఇంత నష్టాన్ని గర్భంతో ఉన్నప్పుడూ పాలిచ్చేటప్పుడూ తల్లి వేసుకునే చిన్న మాత్ర ఆపగలదు. పాలు మాన్పించవలసిన అవసరమే రాదు.

అక్కరలేనివాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. తల్లిపాలలో 87 శాతం పైగా నీరే కనుక ఎంత ఎండల్లోనైనా ఆరు నెలల లోపు బిడ్డకు వేరే నీళ్లు వద్దు. మరిన్నిసార్లు పాలివ్వడం చాలు. పసి మూత్రపిండాలు ఎక్కువ నీటిని బయటికి పంపలేవు, రక్తంలో సోడియం పలచబడి ఫిట్స్ రావచ్చు. ఏడాది లోపు తేనె చుక్క కూడా నాకించకూడదు, అందులో ఉండగల బొట్యులిజం (కండరాలను చచ్చుబరిచే జబ్బు) బీజాలు ప్రాణాంతకం కావచ్చు. నవజాత శిశువులకు విటమిన్ ఎ మోతాదులు ఇవ్వడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సిఫారసు చేయలేదు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు మల్టీవిటమిన్ సిరప్‌ల వల్ల ప్రయోజనం లేదు.

నెలలు నిండకుండానో, బరువు బాగా తక్కువగానో పుట్టిన పిల్లలకు మాత్రం పైన చెప్పిన లెక్కలన్నీ మారిపోతాయి. గర్భంలో చివరి నెలల్లో దాచుకోవలసిన ఇనుము, కాల్షియం, ఫాస్ఫరస్, జింక్ వారికి దక్కలేదు, పైగా వారు పెరగవలసిన వేగం ఎక్కువ. వీరికి తల్లిపాలే ప్రాణరక్ష, ఆ పాలతో పాటు విటమిన్ డి, ఇనుము కూడా ఇవ్వాలి. ఇనుము సాధారణంగా ఒక నెల వయసు నుంచి కిలోకు రోజుకు సుమారు 2 మిల్లీగ్రాములు ఉంటుంది. కిలోన్నర కంటే తక్కువ బరువుతో పుట్టినవారికి పిండిన తల్లిపాలలోనే ప్రోటీనూ ఖనిజాలూ కలిపి ఇవ్వవలసి రావచ్చు. ఈ మోతాదులు ఆ బిడ్డను చూస్తున్న వైద్యులే నిర్ణయించాలి.

చివరగా ఆ సీసా సంగతి. విటమిన్ డి సీసాలన్నీ ఒకలాంటివి కావు. ఒకదానిలో 400 యూనిట్లు ఒక మిల్లీలీటరులో ఉంటాయి, మరొకదానిలో ఒక్క చుక్కలోనే ఉంటాయి. రెండోదాన్ని మొదటిదనుకుని డ్రాపర్ నిండా పోస్తే మోతాదు పదుల రెట్లు పెరుగుతుంది, రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2010లో ఈ పొరపాటు గురించే హెచ్చరించింది. కొత్త సీసా తెచ్చిన ప్రతిసారీ పెట్టె మీద ఎంత ద్రవంలో ఎన్ని యూనిట్లో చదివి, దానితో వచ్చిన డ్రాపర్‌నే వాడాలి. మిల్లీలీటరు కొలత అయితే డ్రాపర్‌ను గొంతులోకి కాకుండా చెంప లోపలి వైపు పెట్టి కొద్దికొద్దిగా వదలాలి. ఒక్క చుక్కదైతే పాలివ్వబోయే ముందు చనుమొన మీద వేసి బిడ్డను పట్టించవచ్చు. ఆ చుక్క మొదటి గుక్కతోనే లోపలికి వెళ్లిపోతుంది.